ముందు ఇల్లు, ఆ తర్వాతే కూన

కుక్కపిల్ల చచ్చిపోతే మన ఇళ్లలో ఒక మాట అనేసి చేతులు దులుపుకుంటారు: "దానికీ మనకీ ఋణం ఇంతే." పిల్లికూన ఆరో అంతస్తు బాల్కనీలోంచి పడి నడుము విరిగితే "ఎవరి దిష్టి తగిలిందో" అని నిట్టూరుస్తారు. ఈ రెండు మాటల్నీ నేను ఒప్పుకోను. మంచం కింద ఎలుకల మందు పెట్టింది ఋణం కాదు, మనిషి. బాల్కనీ కమ్ముల మధ్య సందు అలాగే వదిలేసింది దిష్టి కాదు, ఆ ఇంటి యజమాని. ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ బిళ్ల సగం విరిచి పిల్లి నోట్లో వేసింది విధి కాదు, దాన్ని ముద్దు చేసిన చెయ్యే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇల్లు సిద్ధం చేయకుండా కూనను గడప దాటించడం హింస. తెలిసి చేసినా తెలియక చేసినా దాని ఒంటికి జరిగేది మారదు. కొడితేనే హింస, కడుపు మాడిస్తేనే హింస అనుకుంటున్నంత కాలం మన ఇళ్లలో ఈ చావులు ఆగవు. ప్రేమ ఉంటే చాలు, మిగతావన్నీ మెల్లగా సర్దుకుంటాయన్న నమ్మకం ఇప్పటికే లెక్కలేనన్ని కూనల్ని పొట్టన పెట్టుకుంది.

మనం ఏ వరసలో పని చేస్తున్నామో చూడండి. పిల్లాడి పుట్టినరోజు దగ్గర పడుతుంది. వాడు లాబ్రడార్ కావాలని మారాం చేస్తాడు. శనివారం సాయంత్రం ఫోన్‌కు ఫొటో వస్తుంది, ఆదివారం పొద్దున డబ్బు వెళ్తుంది, మధ్యాహ్నానికి అట్టపెట్టెలో నెలరోజుల కూన దిగుతుంది. ఆపాటికే పేరు ఖాయమై ఉంటుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పడుకునే చోటు, తిండి, దొడ్డికి వెళ్లే చోటు, పశువైద్యుడి ఫోన్ నంబరు, పగలంతా కనిపెట్టుకుని ఉండే మనిషి: ఈ ఐదింటిలో ఒక్కటీ ఉండదు. అదే ఇంట్లో మనవడు పాకడం మొదలుపెడితే అగ్గిపెట్టె అటకెక్కుతుంది, ప్లగ్గులకు మూతలు పడతాయి, మేడమెట్లకు అడ్డుగేటు వస్తుంది. అంటే జాగ్రత్త అనేది మనకు చేతకాని విద్య కాదు. చేతనై కూడా చేయడం లేదు. నా కోపమంతా అక్కడే.

"మా ఊళ్లో కుక్కలు ఇలాగే పెరిగాయి, వాటికి ఎవరు వలలు కట్టారు, ఎవరు టీకాలు వేయించారు" అని అడిగే పెద్దలున్నారు. వారికి గౌరవంగానే జవాబు చెబుతాను. మీ ఊరి కుక్క మట్టి నేల మీద పెరిగింది, అరుగు కింద పడుకుంది. నచ్చని చోటు నుంచి లేచిపోయే దారి దానికుంది. తల్లి వెంట తిరిగి ఏది తినాలో ఏది వదిలేయాలో నేర్చుకుంది. అక్కడ తొమ్మిదో అంతస్తు లేదు, బయట గడియ పెట్టిన ఫ్లాట్ లేదు, సోఫా మీద మందుబిళ్లల పట్టీ లేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ ఈతల్లో పుట్టినవాటిలో చాలా భాగం వానకో, బండి చక్రానికో, జబ్బుకో పోయేవి. పోయినవాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. బతికి బట్టకట్టిన ఒకటీ అరా కుక్కను సాక్ష్యానికి పిలిచి ఈనాటి నిర్లక్ష్యానికి వత్తాసు అడగడం న్యాయం కాదు.

మందుల డబ్బాతో మొదలుపెడదాం. మనుషుల జ్వరానికి వాడే పారాసిటమాల్‌ను విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. కొన్ని గంటల్లో చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు ఉబ్బుతాయి, రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. ఒంటినొప్పులకు వాడే ఇబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ తింటే కుక్క రక్తంలో చక్కెర గంటలోపే పడిపోవచ్చు. ఇవన్నీ మన ఇళ్లలో ఎక్కడుంటాయి? ఫ్రిజ్ మీద, టీవీ పక్కన, హ్యాండ్‌బ్యాగులో, దిండు కింద. కుక్కపిల్ల లోకాన్ని నోటితో తెలుసుకుంటుంది. దానికి దొరికేంత కిందన బిళ్లలు పెట్టి, "అది తింటుందని ఎవరనుకున్నారు" అని అడగకండి. అనుకోవాల్సింది మీరే. ఇంట్లో ఆలోచించగల ప్రాణి మీరే కదా.

ఇక వంటిల్లు. మిగిలిన కూరా అన్నం కుక్కకు పెట్టడం మనకు పుణ్యకార్యం. కానీ ఆ కూరలో ఉల్లిపాయ, వెల్లుల్లి ఉంటాయి. అవి ఉడికినా సరే కుక్కల, పిల్లుల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పిల్లులకు మరీ ప్రమాదం. రెండు మూడు రోజుల తర్వాత కూన పాలిపోయి నీరసపడితే మనకు మొన్నటి కూర గుర్తు కూడా రాదు. ద్రాక్షపళ్లు, కిస్‌మిస్‌లు కుక్కల కిడ్నీలను పాడుచేస్తాయని చాలాకాలంగా తెలుసు. ఎందుకన్నది మాత్రం అంతుపట్టలేదు. 2021లో అమెరికా పశువైద్యులు వాటిలోని టార్టారిక్ ఆమ్లం వైపు వేలు చూపారు. ఆ ఆమ్లం చింతపండులో పుష్కలంగా ఉంటుంది. చారు, పులుసు, పులిహోర లేని తెలుగిల్లు ఎక్కడుంది? గుడిలో తెచ్చిన పులిహోర ప్రసాదమని కుక్క నోట్లో పెట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఉడికించిన కోడి ఎముక ముల్లులా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. చాక్లెట్ గుండె లయను తప్పిస్తుంది. చెత్తబుట్టకు గట్టి మూత లేకపోతే ఈ జాగ్రత్తలన్నీ దండగే.

పిల్లి తిండి గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. మాంసం ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి, ఆ నియమం వారి ఇష్టం, వారి హక్కు. కానీ పిల్లికి ఆ నియమం పెట్టే హక్కు ఎవరికీ లేదు. టారిన్ అనే పోషకాన్ని పిల్లి తన ఒంట్లో చాలినంత తయారు చేసుకోలేదు. మాంసం, చేపల నుంచే దానికి అందాలి. అది చాలకపోతే కంటి రెటీనా చెడి చూపు పోతుందని 1975లో తేలింది, గుండె కండరం సడలిపోతుందని 1987లో తేలింది. పెరుగన్నం, పాలు, బ్రెడ్డు పెట్టి పెంచిన పిల్లి మెల్లగా గుడ్డిదవుతుంటే "ముసలిదైపోయింది" అని ఊరుకునే ఇళ్లున్నాయి. పాలు మరిచిన కూనకు ఆవుపాలు పోస్తే చాలాసార్లు విరేచనాలు పట్టుకుంటాయి. మీ ఇంట్లోకి మాంసం రానివ్వరా? అయితే టారిన్ కలిపి పిల్లుల కోసం తయారుచేసిన తిండికి ముందే ఒప్పుకోండి. దానికీ ఒప్పుకోలేకపోతే పిల్లిని తేకండి. ఈ రెండింటికీ మధ్య మూడో దారి లేదు.

విషాలు మన కళ్ల ముందే ఉంటాయి, మనకే కనపడవు. ఎలుకల కోసం పెట్టే బ్రొమాడియోలోన్ బిళ్ల తిన్న కుక్కకు ఆ రోజు ఏమీ కాదు. మూడు నుంచి ఐదు రోజుల తర్వాత లోపల్లోపల నెత్తురు కారడం మొదలవుతుంది. తిన్న వెంటనే తెలిస్తే విటమిన్ కె1తో కాపాడవచ్చు. తెలియాలంటే మందు ఎక్కడ పెట్టామో గుర్తుండాలి. నల్లపొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ మరీ దారుణం. కడుపులో చేరి విషవాయువుగా మారుతుంది, దానికి విరుగుడు లేదు. చీరల మధ్య పెట్టే కలరా ఉండలు కూనకు ఆటవస్తువులు. మింగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. రోజూ నేల తుడిచే ఫినాయిల్ తడిలో నడిచిన పిల్లి పాదాలు నాక్కుంటుంది, నాకిన ప్రతిసారీ విషం లోపలికి పోతుంది. ఇక కుక్కల గోమార్ల కోసం వాడే పెర్మెత్రిన్ మందు పిల్లి ఒంటికి రాస్తే వణుకు, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. ఒక ఇంట్లో రెండూ ఉంటే ఆ సీసా మీద ఏముందో చదివి తీరాలి. చదవడానికి బద్ధకమైతే పెంచే అర్హత లేదు.

పూజగది, పూలకుండీల సంగతి చెబితే కొందరికి కష్టం కలుగుతుంది. అయినా చెప్పాలి. వినాయక చవితికి తెచ్చే ఇరవై ఒక్క పత్రిలో ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది, జిల్లేడు ఉంది. మూడూ విషమే. గన్నేరు, జిల్లేడు గుండెను కొడతాయి, ఉమ్మెత్త మెదడును తిప్పేస్తుంది. పూజ మానమని ఎవరూ అనరు. పత్రిని కూనకు అందని ఎత్తున పెట్టండి, నిమజ్జనం దాకా ఆ గది తలుపు వేసి ఉంచండి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అందానికి పెంచే సైకాస్ మొక్క గింజలు కుక్క కాలేయాన్ని కూల్చేస్తాయి. హాల్లో పెట్టే డిఫెన్‌బేకియా, మనీ ప్లాంట్ నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. పెళ్లిరోజు గుత్తుల్లో వచ్చే లిల్లీల పుప్పొడి ఒంటికి అంటుకుని పిల్లి దాన్ని నాకినా, కూజాలో నీళ్లు తాగినా, ఒకటి రెండు రోజుల్లో కిడ్నీలు ఆగిపోతాయి. పిల్లి ఉన్న ఇంట్లో లిల్లీ పువ్వుకు చోటు లేదు. ఈ మాటలో రాజీ లేదు.

పూలమాల కట్టే దారం మరో యముడు. పిల్లి నాలుక మీది గరుకు ముళ్లు లోపలి వైపుకు తిరిగి ఉంటాయి. నోట్లో పడ్డ దారాన్ని ఉమ్మేయడం దాని వల్ల కాదు, మింగాల్సిందే. ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుంటే, మిగతా దారం మీదికి పేగు కుచ్చెళ్లలా ముడుచుకుపోయి కోసుకుంటుంది. సూది కూడా దారంతో పాటే పోతుంది. నోటి నుంచో వెనక నుంచో దారం కొస కనిపిస్తే లాగకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. సంక్రాంతి నాటి మాంజా, కుట్టుమిషన్ డబ్బా, రబ్బరుబ్యాండ్లు, జడ రిబ్బన్లు: కూన రాకముందే ఇవన్నీ మూత ఉన్న డబ్బాల్లోకి చేరాలి.

ఇప్పుడు బాల్కనీకి రండి. పిల్లి ఎక్కడి నుంచి పడ్డా నాలుగు కాళ్ల మీద దిగుతుందన్నది మనవాళ్లకు వేదవాక్కు. గాలిలో ఒళ్లు తిప్పుకుని కాళ్లను కిందికి తెచ్చుకోగలదు, నిజమే. కానీ కాళ్ల మీద పడ్డంత మాత్రాన దెబ్బ తగలకుండా పోదు. దవడ పగులుతుంది, ఛాతీలో నెత్తురు చేరుతుంది, ఊపిరితిత్తి చిరుగుతుంది. న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్‌కు 1984లో అయిదు నెలల్లో ఎత్తైన భవనాల నుంచి పడ్డ 132 పిల్లులు వచ్చాయి. వైద్యం అందుకున్నవాటిలో నూటికి తొంభై బతికాయని 1987లో అచ్చయింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. అది ఆసుపత్రి గడప తొక్కిన పిల్లుల లెక్క. పడ్డచోటే చచ్చినవాటిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు. కూన తల పట్టే సందు ఉంటే ఒళ్లంతా పడుతుంది. గ్రిల్ కమ్ముల మధ్య కూన తల కాదు, తల్లి తలే పడుతుంది. పావురాల కోసం కట్టిన నైలాన్ వల మీద ఆశ పెట్టుకోవద్దు, పళ్లకు, గోళ్లకు అది తెగుతుంది. చిన్న కన్నుల ఇనుప జాలీ కావాలి, కింద నుంచి పైకప్పు దాకా కావాలి, వంటింటి కిటికీకీ కావాలి. కూన వచ్చాక బిగిద్దామంటే కుదరదు. పడడానికి ఒక్క సాయంత్రం చాలు.

సొంత ఇళ్లవాళ్లు తమకు బాల్కనీ బెడద లేదని నిబ్బరపడకండి. మీ వాకిట్లో సంపు ఉంది. ట్యాంకరు వచ్చిన రోజున మూత తీసి మళ్లీ సరిగా పెట్టని సంపులో పడిన కుక్కపిల్ల ఆ నున్నటి గోడ పట్టుకుని ఎక్కలేదు. ఈదుతుంది, అరుస్తుంది, అలిసిపోతుంది. బకెట్టు నీళ్లు కూడా చిన్న కూనకు చాలు. వాషింగ్ మెషీన్ తలుపు తెరిచి ఉంటే పిల్లి అందులో పడుకుంటుంది, ఆన్ చేసే ముందు లోపల చేత్తో తడిమి చూడండి. బండి తీసే ముందు ఇంజిను దగ్గర తట్టండి, వెచ్చదనం కోసం కూనలు అక్కడ చేరతాయి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కుక్కపిల్లకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి, చిగుళ్లు సలిపినప్పుడు చార్జరు తీగ, ఇన్వర్టరు తీగ ఏది దొరికితే అది కొరుకుతుంది. తీగలను గొట్టాల్లోకి దూర్చండి, ఫర్నిచర్ వెనక్కి తిప్పండి, కొరకడానికి దాని బొమ్మలు దానికివ్వండి. నున్నటి టైల్స్ మీద జారుతూ పెరిగే పిల్లకు తుంటి కీళ్లు దెబ్బతినవచ్చు, అది తిరిగే చోట చాపలు పరవండి. ఇందులో ఏదీ లక్షల పని కాదు. ఒక ఆదివారం పని.

ఇక అమ్మేవాళ్ల సంగతి. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. 2018లో పెట్ షాపులకూ నిబంధనలు వచ్చాయి. అయినా నెలరోజుల పిల్ల బహిరంగంగానే చేతులు మారుతోంది. అప్పుడైతేనే బొద్దుగా ఉంటుంది, బేరం తెగుతుంది. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఉండాల్సిన ఆ మూడు నాలుగు వారాల్లోనే కుక్కపిల్ల ఎంత గట్టిగా కొరకాలో, ఎప్పుడు ఆపాలో నేర్చుకుంటుంది. ఆ చదువు చెడగొట్టి తెచ్చి, ఆరు నెలలకు అది పిల్లాడి చెయ్యి కొరికిందని వీధిలో వదిలేస్తారు. అమ్మినవాడు ఒక్క ప్రశ్న అడగడు: మీ ఇంట్లో పగలు ఎవరుంటారు? బాల్కనీకి జాలీ ఉందా? అడగకుండా ప్రాణిని అమ్మేవాడు వ్యాపారి మాత్రమే, జంతుప్రేమికుడని చెప్పుకునే హక్కు వాడికి లేదు. అడగనివాడి దగ్గర కొనేవాళ్లదీ అంతే తప్పు.

ఆ తొందరలో కొన్న పిల్లతోపాటే పార్వో వస్తుంది. 1978లో బయటపడి లోకమంతా పాకిన ఈ వైరస్ సోకాక సాధారణంగా వారం లోపే వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి. అందుకే ఆదివారం తెచ్చిన పిల్ల మరో ఆదివారం చూడదు. అంతకన్నా ఘోరం ఆ తర్వాత జరుగుతుంది. ఏడుస్తున్న పిల్లాణ్ని ఊరుకోబెట్టడానికి నెల తిరగకుండా ఇంకో కూనను తెస్తారు. వైరస్ ఆ నేలలో, ఆ పరుపులో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతికే ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కు అది చావదు. ముందు శుభ్రంగా కడిగి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. పార్వోతో కూన పోయిన ఇంట్లోకి టీకాలన్నీ పూర్తికాని పిల్ల రాకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, ఆపై మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు వచ్చేదాకా, మూడు నెలలకు రేబిస్ టీకా. పిల్లికూనలకూ వాటి టీకాలున్నాయి. ఈ వరస పూర్తయ్యేదాకా వీధి నేల మీద వదలకూడదు. వైద్యుణ్ని కూన రాకముందే వెతికి పెట్టుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే పార్వో ఆగదు.

గోడలు, తీగలు సరిచేసినంత మాత్రాన ఇల్లు సిద్ధమైనట్టు కాదు. పగటివేళ ఆ ఇంట్లో ఎవరున్నారు? రెండు నెలల కుక్కపిల్లను రెండేసి గంటలకు ఒకసారి దొడ్డికి తీసుకెళ్లాలి, రోజుకు మూడు నాలుగు సార్లు తిండి పెట్టాలి. భార్యాభర్తలిద్దరూ పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇంట్లో దానికి మిగిలేది బాల్కనీ, గొలుసు. ఏ జాతి తెస్తున్నారు? 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగిన పగ్‌ను చూసి ఊరూరా పగ్‌లు తెచ్చారు. కుక్క వగర్చి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. చప్పిడి ముక్కు పగ్‌కు ఆ వగర్చడమే కష్టం. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన హస్కీని మే నెల విజయవాడకు, రామగుండానికి తెచ్చి, కరెంటు పోతే దాన్ని ఏం చేస్తారో చెప్పండి. ఈ మట్టిలో పుట్టిన కుక్కలు మనకున్నాయి. కొల్లేరు చుట్టుపక్కల బాతుల్ని కాసిన జోనంగి ఉంది. మీ వీధి మలుపులో పడుకున్న నాటు కూన ఉంది. ఈ ఎండ దాని తాతముత్తాతలకు తెలుసు. అద్దె ఇల్లయితే యజమానితో ముందే మాట్లాడండి. ఆయన ఖాళీ చేయమన్న రోజున రోడ్డు పాలయ్యేది మీరు కాదు, ఆ కుక్క.

చట్టం ఏం చేస్తోందని అడుగుతారా? 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన రుక్మిణీదేవి అరండేల్ జంతువుల కోసం సభలో బిల్లు పెట్టి పోరాడారు. ఆ పోరాటం నుంచే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం వచ్చింది. దాని పదకొండో సెక్షన్ చదవండి. చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం నేరం. ఆకలిదప్పులకు వదిలేసి పోవడం నేరం. అన్నీ రాసి, మొదటి తప్పుకు శిక్ష ఎంత పెట్టారో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు.  మూడేళ్లలోపు మళ్లీ చేస్తే ఇరవై ఐదు నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. దీన్ని సవరించే ముసాయిదాను 2022 నవంబరులో ప్రజల ముందు పెట్టారు. ముసాయిదాలు కూనల్ని కాపాడవు. యాభై రూపాయల నేరానికి ఏ పోలీసు కేసు రాస్తాడు, ఏ యజమాని భయపడతాడు?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. కొనేవాళ్ల ఇంటిని చూడకుండా, కనీసం వీడియోలో ప్రతి గదీ, బాల్కనీ చూపించమని అడగకుండా కూనను అమ్మకూడదు, ఇవ్వకూడదు. ఎనిమిది వారాల నిబంధనను మీరిన అమ్మకందారు రిజిస్ట్రేషన్ రద్దు కావాలి, రిజిస్ట్రేషనే లేనివాడి దుకాణం మూతపడాలి. జరిమానా ఈ కాలపు రూపాయల్లోకి రావాలి. మున్సిపాలిటీలు పెంపుడు కుక్కకు లైసెన్సు ఇచ్చేటప్పుడు టీకా కాగితంతో సరిపెట్టకుండా, దాన్ని ఎక్కడ ఉంచుతారో కూడా అడగాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు కుక్కల మీద నిషేధాలు రాసే సత్తువను సంపు మూతల మీద, ఎలుకల మందు పెట్టిన చోట్లు అందరికీ చెప్పడం మీద పెట్టాలి.

మీ వంతుగా ఈ వారం ఒక పని చేయండి. మోకాళ్ల మీద కూర్చుని మీ ఇంటిని గదిగదికీ పాకి చూడండి. కూన కళ్ల ఎత్తున ఏముందో అప్పుడు తెలుస్తుంది. మందుబిళ్లలు, దారాలు, తీగలు, కలరా ఉండలు, ఫినాయిల్ సీసాలు పైకెక్కించండి. జాలీ బిగించండి. సైకాస్ కుండీ, లిల్లీ గుత్తి బయటికి పంపండి. ఒక మూల దానికి పడక, నీళ్ల గిన్నె, పిల్లికైతే తిండికి దూరంగా ఇసుక తట్ట అమర్చండి. వైద్యుణ్ని కలిసి రండి. ఇంట్లో ప్రతి ఒక్కరూ రోజులో తమ గంట ఏదో పేరు రాసి గోడకు అంటించండి. పిల్లలకు పుట్టినరోజు కానుకగా ఈ పనుల్లో వాళ్ల వంతు ఇవ్వండి, ప్రాణిని కాదు. ఇవన్నీ అయ్యాక కూనను తెండి, కడుపునిండా ప్రేమించండి, పదీ పదిహేనేళ్లు దాన్ని కాపాడండి. ఇవి చేయలేమనుకుంటే తేకండి. చేయలేనని ఒప్పుకుని మానుకున్నవాడు ఒక ప్రాణాన్ని నిలబెట్టినవాడే. చేయకుండా తెచ్చినవాడికి మాత్రం ఆ కూన చావుకు కారణం ఎవరని ఇంకెవరినీ అడిగే అర్హత లేదు.